అన్నీ కలిపి చదివితే ఏదీ రాదా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ స్టాటిస్టిక్స్ పూర్తిచేసింది. ఇప్పుడు క్లైమేట్ స్టడీస్‌లో పీజీ చేస్తానంటోంది. సిలబస్ చూస్తే వాతావరణ శాస్త్రం, ఎకనామిక్స్, ప్రజారోగ్యం, చట్టం అన్నీ ఉన్నాయి. ఇలా తలా కాస్త చదివితే రేపు ఎందుకూ కొరగాకుండా పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: మీకు రెంటచింతల దగ్గరే కదండీ, ఎండ సంగతితోనే మొదలుపెడతాను. ఒక వేసవిలో ఎండకు ఎంతమంది చనిపోయారో ఎవరు చెప్పగలరు? వాతావరణ శాఖ ఎండ ఎంతో చెబుతుంది, మరణాలు చెప్పదు. డాక్టరు సర్టిఫికెట్‌లో గుండెపోటు అని రాస్తారు. అది అబద్ధం కాదు. కానీ ఆ వారంలోనే అన్ని గుండెలు ఎందుకు ఆగాయన్నది ఆ కాగితంలో ఉండదు. అది తేల్చాలంటే మీ అమ్మాయి చదువుకున్న లెక్క కావాలి.

2010 మే నెలలో అహ్మదాబాద్‌లో ఎండ 46.8 డిగ్రీలకు చేరింది. పరిశోధకులు ఆ నెల మరణాలన్నిటినీ, కారణం ఏమని రాసి ఉన్నా సరే, 2009, 2011 మే నెలల సగటుతో పోల్చారు. 1,344 మరణాలు ఎక్కువ తేలాయి. ప్రజారోగ్య నిపుణులు, మున్సిపల్ అధికారులు, విదేశీ విశ్వవిద్యాలయాల వాళ్లు కలిసి కూర్చోబట్టే 2013లో ఆ నగరానికి వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళిక వచ్చింది. అక్కడే ఒక ఆసుపత్రిలో పసికందుల వార్డును పై అంతస్తు నుంచి కిందికి మార్చారు. ఎండదెబ్బతో చేరే పిల్లల సంఖ్య తగ్గింది. చూడండి, సమస్య పిల్లల డాక్టరు ముందుకొచ్చింది, దాని మూలం శ్లాబులో ఉంది!

హెచ్చరిక ఎన్ని డిగ్రీల దగ్గర ఇవ్వాలన్నదీ అలాంటిదే. మైదానాల్లో 40 డిగ్రీలు దాటితేనే వాతావరణ శాఖ వడగాడ్పుల లెక్క మొదలుపెడుతుంది, తీరంలో 37కే. తీరంలో గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఇంతవరకూ నేను పాఠం చెప్పిన ఫిజిక్సే. ఆ తర్వాత నా పుస్తకం పనిచేయదు. తొందరపడి పనులు ఆపితే మిర్చి కోతకెళ్లే మనిషికి ఆ రోజు కూలి పోతుంది, ఆలస్యం చేస్తే ప్రాణం మీదికొస్తుంది. మధ్యలో గీత ఎక్కడ గీయాలో చెప్పడానికి ఎకనామిక్స్ వాళ్లూ ఉండాలి. (మా రోజుల్లో ఎకనామిక్స్ డిపార్ట్‌మెంటుకు మేం టీ కోసం తప్ప వెళ్లేవాళ్లం కాదు.)

అయినా మీ భయం ఊరికే వచ్చింది కాదు. కొత్త పేరు పెట్టి, నాలుగు డిపార్ట్‌మెంట్ల పాత పేపర్లను ఒకే టైమ్‌టేబుల్‌లో ఇరికించే చోట్లూ ఉంటాయి. బెంగళూరు ఐఐఎస్సీలో వాతావరణ మార్పుల కోసం దివేచా సెంటర్ 2009 నుంచి ఉంది, ఐఐటీ హైదరాబాద్‌లో క్లైమేట్ ఛేంజ్‌కు విడిగా డిపార్ట్‌మెంటే ఉంది, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 2022లో ఇలాంటి చదువులకు ఏకంగా ఒక విభాగ కళాశాలే తెరిచింది. అంతమాత్రాన ఆ పేరున్న ప్రతి కోర్సూ మంచిదని కాదు. మీ అమ్మాయిని అక్కడి సీనియర్లకు ఫోన్ చేసి ఒకటే అడగమనండి: థీసిస్‌కు రెండు వేర్వేరు సబ్జెక్టుల గైడ్‌లు ఉంటారా, వాళ్లు నిజంగా ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారా? లేదంటే ఆ సీటు వదిలేయడమే మేలు. స్టాటిస్టిక్స్ మాత్రం వదలొద్దు, ఆమె చేతిలో ఉన్న గట్టి పనిముట్టు అదే.

ఉద్యోగాల మాటకొస్తే, స్టాక్ మార్కెట్లో పెద్దవైన వెయ్యి కంపెనీలు తమ పర్యావరణ లెక్కలు వెల్లడించాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన పెట్టింది కాబట్టి ఆ పని ఉంది. ఎక్కువభాగం ఫారాలు నింపడమే, నాకైతే అంత మోజు లేదు. జీతం మాత్రం వస్తుంది.

ప్రశ్న: నేను కామర్స్ లెక్చరర్‌ని. మా కాలేజీలో పర్యావరణ పేపర్ నాకు అంటగట్టారు. ఏం చెప్పను?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: సుప్రీంకోర్టు 1991లో ఇచ్చిన ఆదేశంతో మొదలైన పేపర్ అది. చాలాచోట్ల ఓజోన్ పొర బొమ్మ గీయించి ముగిస్తారు. మీరు కామర్స్ వాళ్లు కాబట్టి మీకే సులువు. ఇంటి కరెంటు బిల్లులు తెమ్మనండి. మార్చి, ఏప్రిల్, మే యూనిట్లు పక్కపక్కన రాయించి, కూలర్ ఉన్న ఇల్లు, ఏసీ ఉన్న ఇల్లు, రేకుల ఇల్లు విడదీయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. పైకప్పుకు తెల్లపూత వేస్తే అయ్యే ఖర్చు ఎన్నేళ్లలో తిరిగొస్తుందో వాళ్లచేతే లెక్క కట్టించండి. రేకుల ఇంటి పిల్లలకు బిల్లు తక్కువే వస్తుంది. అక్కడ ఆగి, ఎందుకో క్లాసునే అడగండి.