కొన్న కంపెనీని ముందు గెలిపించాలి

ప్రశ్న: అన్నా, మాది తిరుపతి బైరాగిపట్టెడ. ట్రంప్ కార్డులు ఆడిన కాలం నుంచీ రెజ్లింగ్ పిచ్చి. గెలుపోటములు ముందే రాసుకుంటారని తెలిసినా చూస్తాం. 2001లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ తన పోటీ కంపెనీ డబ్ల్యూసీడబ్ల్యూని కొనేసింది కదా, ఆ రెండింటి మధ్య గొడవ ఎక్కడికో వెళ్ళాల్సింది, మరి ఎందుకు తుస్సుమంది? మీరైతే ఎలా నడిపేవారు?

జవాబు: తమ్ముడూ, ఆ గొడవ కోసం జనం ఏళ్ళ తరబడి కాచుకున్నారు. అందుకే ఇప్పటికీ తలుచుకుంటే కడుపు మండుతుంది. 1996 నుంచి 83 వారాలు వరుసగా డబ్ల్యూసీడబ్ల్యూ వాళ్ళ టీవీ షో నైట్రో, డబ్ల్యూడబ్ల్యూఎఫ్ షో రా మీద రేటింగ్స్‌లో గెలిచింది. ఆ కసి డబ్ల్యూడబ్ల్యూఎఫ్ యజమాని విన్స్ మెక్‌మాన్‌కి ఉండడం సహజమే, కానీ డబ్బు పెట్టి కొన్న తర్వాత కూడా ఆ కసి తీర్చుకుంటే నష్టం ఎవరికి? తన సరుకును తనే చెడగొట్టుకున్నట్టు.

2001 జులై 2న అమెరికాలోని టకోమాలో ఏం జరిగిందో చూడు. రా చివర్లో కాసేపు షోని డబ్ల్యూసీడబ్ల్యూకి అప్పగించి, వాళ్ళ కామెంటేటర్లనే కూర్చోబెట్టి, వాళ్ళ ఛాంపియన్ బుకర్ టికీ బఫ్ బాగ్‌వెల్‌కీ మ్యాచ్ పెట్టారు. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అభిమానులతో నిండిన హాల్లో, ఏ ముందుమాటా లేకుండా. జనం మొదటి నుంచీ అరిచి గోల చేశారు. అది చాలదన్నట్టు డబ్ల్యూడబ్ల్యూఎఫ్ స్టార్లు ఆస్టిన్, కర్ట్ యాంగిల్ వచ్చి బుకర్ టిని చితకబాదారు. మొదటి పరిచయంలోనే తేలిపోయినవాడిని చూసి రేపు ఎవరు భయపడతారు? మూడుసార్లు అక్కడ ఛాంపియన్ అయిన డైమండ్ డాలస్ పేజ్‌నైతే డబ్ల్యూడబ్ల్యూఎఫ్ స్టార్ అండర్‌టేకర్ భార్య వెంటపడి వీడియోలు తీసేవాడిగా చూపించారు.

ఇక నవంబర్‌లో సర్వైవర్ సిరీస్ అనే పెద్ద షోలో రెండు వైపులకీ ఆఖరి పోరు. డబ్ల్యూసీడబ్ల్యూ వైపు జట్టులో ఐదుగురు: ఆస్టిన్, యాంగిల్, విన్స్ కొడుకు షేన్ మెక్‌మాన్, బుకర్ టి, ఈసీడబ్ల్యూ అనే ఇంకో కంపెనీ నుంచి వచ్చిన రాబ్ వాన్ డామ్. మొదటి ముగ్గురూ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ వాళ్ళే, నిజంగా బయటివాళ్ళు చివరి ఇద్దరే! చంద్రగిరికీ తిరుపతికీ కబడ్డీ అని పోస్టర్ వేసి, చంద్రగిరి జెర్సీలు మనోళ్ళకే తొడిగితే ఎవరు నిలబడి చూస్తారు చెప్పు?

నేనైతే ముందు తొందరపడను. గోల్డ్‌బర్గ్, స్టింగ్, నాష్ లాంటి డబ్ల్యూసీడబ్ల్యూ పెద్ద తలకాయల కాంట్రాక్టులు దాని పాత యజమాని టైమ్ వార్నర్ దగ్గర ఉండిపోయాయి, వాళ్ళు ఇంట్లో కూర్చుని జీతం తీసుకున్నారు. వాళ్ళలో ఇద్దరినైనా ఖర్చు పెట్టి తెచ్చుకోవాలి, కుదరకపోతే వాళ్ళు ఖాళీ అయ్యేదాకా గొడవ మొదలుపెట్టకూడదు. నాష్ 2002లో, గోల్డ్‌బర్గ్ 2003లో ఎలాగూ వచ్చారు! ఈలోపు డబ్ల్యూసీడబ్ల్యూకి వేరే రోజు, వేరే షో, దాని టైటిళ్ళు దానికే. రెండు షోలుగా విడగొట్టే పని 2002 మార్చిలో చేశారు గానీ అప్పటికి ఆ పేరే లేదు. రెండు కంపెనీలు ఎదురుపడిన తొలి నెలల్లో వచ్చినవాళ్ళే గెలవాలి, అదీ మోసం లేకుండా, ఆస్టిన్ స్థాయివాళ్ళ మీద. ఇంటివాళ్ళు ఓడితేనే కదా వాళ్ళు తిరిగి లేచే రోజు కోసం జనం టికెట్ కొనేది. డ్రెస్సింగ్ రూమ్‌లో కూడా కొత్తవాళ్ళని చిన్నచూపు చూసేవాళ్ళని యజమానే అదుపులో పెట్టాలి.

ప్రశ్న: అలా బయటివాళ్ళని గెలిపించి లాభపడిన సందర్భం ఉందా అన్నా?

జవాబు: ఉంది. 2019 నవంబర్ 1 నాటి స్మాక్‌డౌన్ చూడు. అది విన్స్ కంపెనీ పెద్ద షో, ఎన్‌ఎక్స్‌టీ అదే కంపెనీలో కొత్తవాళ్ళ షో, అంటే రెండూ ఒకే యజమానివే అనుకో. చాలామంది స్మాక్‌డౌన్ రెజ్లర్లు సౌదీ నుంచి తిరిగి రాలేక చిక్కుకుపోతే ఎన్‌ఎక్స్‌టీ వాళ్ళని దించారు. ఎన్‌ఎక్స్‌టీ ఆడమ్ కోల్, స్మాక్‌డౌన్ స్టార్ డేనియల్ బ్రయాన్‌నే ఓడించాడు. ఆ నెల సర్వైవర్ సిరీస్‌లోనూ ఎక్కువ మ్యాచ్‌లు ఎన్‌ఎక్స్‌టీవే. బ్రయాన్ విలువ ఒక్క పిసరు కూడా తగ్గలేదు, కోల్ పేరు మాత్రం ఆ ఒక్క రాత్రితో మారుమోగిపోయింది.