ఇంట్లో లాటిన్ చదివే పిల్లాడికి పరీక్షల సంగతి

అమ్మలూ,

నీ మెసేజ్ చూశాను. పిల్లాడు ఏడో క్లాసు నుంచి ఇంట్లోనే లాటిన్ చదువుతున్నాడు, ఇప్పుడు ఎనిమిదికి వచ్చాడు, "పెద్దమ్మా, బయట పరీక్ష ఏదైనా రాయించాలా, రాయిస్తే ఏది" అని కదా అడిగావు. రాయించు. ట్రాన్స్‌క్రిప్ట్ (కాలేజీలకి పంపే మార్కుల రికార్డు) మీద వాడికి ఏ గ్రేడు వేసేదీ నువ్వే, కింద సంతకం పెట్టేదీ నువ్వే. దాని పక్కన బయటివాళ్ళిచ్చిన కాగితం ఒకటుంటే రేపు కాలేజీల దగ్గర నీ మాటకి బలం వస్తుంది. కానీ ఒకటి ముందే చెప్తున్నా, ఇందులో పిల్లాడి కష్టం సగమే. అమెరికాలో స్కూలుకెళ్ళే పిల్లలకి పరీక్ష ఏర్పాట్లన్నీ స్కూలే చూస్తుంది, ఇంట్లో చదివేవాడికి కూర్చోడానికి చోటూ, కాపలా ఉండే మనిషీ మనమే వెతికిపెట్టాలి. చాలామంది తల్లులు పాఠాలన్నీ పూర్తిచేసి ఇక్కడ దెబ్బతింటారు.

మొదట వాడికి సరిపోయేది నేషనల్ లాటిన్ ఎగ్జామ్. అమెరికన్ క్లాసికల్ లీగ్ ఆధ్వర్యంలో 1977 నుంచి జరుగుతోంది. 40 ప్రశ్నలు, 45 నిమిషాలు, అన్నీ నాలుగింట్లో ఒకటి ఎంచుకునేవే, తప్పు రాస్తే మార్కులు కొయ్యరు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలొద్దని చెప్పు. పరీక్ష ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో వస్తుంది. రిజిస్ట్రేషన్ మాత్రం చాలా ముందే చేసుకోవాలి, డిసెంబరు దాటనివ్వకు. తల్లిదండ్రులు, బంధువులు దగ్గర కూర్చుని రాయించడానికి లేదు. "నువ్వొచ్చి కూర్చుంటావా" అని అడిగావు చూడు, నేనూ బంధువునే కదే! మీ ఊరి పబ్లిక్ లైబ్రరీలో అడుగు, హోమ్‌స్కూల్ కో-ఆప్‌లో (ఇంట్లో చదివించే కుటుంబాలు కలిసి నడుపుకునే తరగతుల్లో) వేరే సబ్జెక్టు చెప్పే టీచర్ని అడుగు, దగ్గర్లో లాటిన్ చెప్పే ప్రైవేటు స్కూలుంటే వాళ్ళ పిల్లలతో పాటు కూర్చోబెడతారేమో అడుగు. ఈ మూడోది అన్నిటికన్నా మంచిది, ఎందుకో కింద ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్ష) దగ్గర చెప్తాను.

లెవెల్ విషయంలో ఆశకి పోకు. మొదటి ఏడాది లాటిన్‌ని స్కూళ్ళలోనే రెండేళ్ళకి సాగదీసి చెప్తుంటారు, అలాంటి పిల్లలకి ముందు ఇంట్రడక్షన్, తర్వాత బిగినింగ్ అనే మెట్లున్నాయి. మనవాడూ ఆ వేగంలోనే ఉన్నాడు కాబట్టి పై లెవెల్‌లో పడేసి ఏడిపించొద్దు. పాత పేపర్లు కీతో సహా వాళ్ళ వెబ్‌సైట్‌లోనే ఉచితంగా ఉన్నాయి, కోచింగ్ పేరుతో ఎవరికీ డబ్బు కట్టకు.

ఆ పాత పేపర్లు తిరగేస్తే నీకే తెలుస్తుంది, ఇది ఒట్టి వ్యాకరణ పరీక్ష కాదు. ఇటలీ మ్యాప్ మీద టైబర్ నది ఎక్కడ, ఓస్టియా రేవు ఎక్కడ, గ్రీకుల దేవుడు జ్యూస్‌ని రోమన్లు ఏమని పిలిచారు, ఏ.ఎం., పి.ఎం. అంటే ఏమిటి, ఇలాంటివి అడుగుతారు. ఇంట్లో చదివే పిల్లలకి విభక్తి పట్టికలు కంఠతా వచ్చి ఉంటాయి, ఇవి మాత్రం ఎవరూ చెప్పి ఉండరు, తేలిగ్గా వచ్చే మార్కులు పోతాయి. వారానికి ఒక సాయంత్రం దీనికి కేటాయించు. ఉచ్చారణ గురించి మాత్రం టెన్షన్ పడకు, సిసెరో పేరుని చర్చి పద్ధతిలో చిచెరో అన్నా, పాత రోమన్ పద్ధతిలో కికెరో అన్నా పరీక్ష కాగితానికి వినపడదు.

మన పిల్లలకి ఇందులో కొంత కలిసొచ్చేది ఉంది, కొంత మోసం చేసేదీ ఉంది. క్రియ చివర రావడం వాడికి కొత్త కాదు. కర్తకి ఒక రూపం, కర్మకి ఒక రూపం, "కి"కి ఒక రూపం అంటే ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లాడు చప్పున పట్టేస్తాడు. తికమకపడేది ఎక్కడంటే, మనం తో, చేత, లో, నుంచి అని విడివిడిగా చెప్పేవాటిలో చాలా భాగం వాళ్ళు ఒకే ఆరో విభక్తిలో (అబ్లేటివ్ అంటారు, మన షష్ఠి కాదు) కుక్కేశారు. అచ్చు పుస్తకంలో ఆ విభక్తికీ మొదటి విభక్తికీ తేడా ఒక్కోసారి అక్షరం మీద చిన్న అడ్డగీతే. ఇక్కడ మన లిపిని వాడుకో. "పుఎల్ల" అని పొట్టిగా ఉంటే అమ్మాయి కర్త, "పుఎల్లా" అని దీర్ఘముంటే అది ఆరో విభక్తి. ఎ, ఒలకి కూడా హ్రస్వం, దీర్ఘం మనకి వేరువేరుగా ఉన్నాయి కాబట్టి కొత్త మాటలన్నీ ఒకసారి తెలుగులో రాయించు, ఇంగ్లీషులో రాస్తే ఆ తేడా కంటికి ఆనదు. ఇంకొకటి, మనకి "మంచి" అనే మాట ఎవరి ముందున్నా మారదు, వాళ్ళకి మారుతుంది. "అగ్రికొల" అంటే రైతు, చివర అకారం చూసి పిల్లలు "అగ్రికొల బొన" అనేస్తారు, రైతు పుంలింగం కాబట్టి "బొనుస్" అనాలి. ఈ ఒక్క రకం ప్రశ్నకి ఓ యాభై అభ్యాసాలు చేయించినా ఎక్కువేం కాదు.

ఏపీ లాటిన్ తొందర ఇప్పుడొద్దు, పదకొండుకో పన్నెండుకో చూద్దాం. కానీ రెండు సంగతులు గుర్తుంచుకో. 2025-26 నుంచి సిలబస్ మారింది, వర్జిల్ రాసిన ఈనియడ్ కావ్యం ఉంది గానీ సీజర్ యుద్ధాల బదులు రోమన్ రచయిత ప్లినీ ఉత్తరాలు వచ్చాయి, వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పటి ఉత్తరాలు కూడా అందులో ఉన్నాయి, పిల్లలకి సీజర్ కన్నా అవే నచ్చుతాయని నా ఉద్దేశం. కాబట్టి వాట్సాప్ గ్రూపులో ఎవరైనా పాత ప్రిపరేషన్ పుస్తకాలు ఊరికే ఇస్తామంటే ఏ ఏడాదివో చూసి తీసుకో. రెండోది సీటు. ఏపీ పరీక్ష ఏదో ఒక స్కూల్లోనే రాయాలి, మేలో జరిగే పరీక్షకి స్కూళ్ళు నవంబరు మధ్యకల్లా ఆర్డర్ పెట్టేస్తాయి, చాలా స్కూళ్ళు తమ గడువు ఇంకా ముందే పెట్టుకుంటాయి. బయటి పిల్లల్ని తీసుకోవాలా వద్దా అన్నది వాళ్ళిష్టం. అందుకే ఆగస్టులోనే ఫోన్ చెయ్యాలి. ఫ్రంట్ డెస్క్ వాళ్ళని అడిగితే "మా దగ్గర అలాంటిది లేదండీ" అని పెట్టేస్తారు, నువ్వు ఏపీ కోఆర్డినేటర్ (స్కూల్లో ఆ పరీక్షలు చూసుకునే మనిషి) కావాలని అడుగు. లాటిన్ చెప్పని స్కూలైనా ఆ పరీక్ష తెప్పించి పెట్టొచ్చు, వాళ్ళకి మనసుండాలంతే. అప్పటికే ఒక స్కూల్లో నేషనల్ లాటిన్ ఎగ్జామ్ రాసి, ఆ టీచరుకి వీడి మొహం తెలిసి ఉంటే పని ఎంత సులువవుతుందో నువ్వే చూస్తావు.

శాట్‌లో లాటిన్ సబ్జెక్ట్ టెస్ట్ ఉంది కదా అని ఎవరైనా అంటే, అవన్నీ 2021లోనే ఎత్తేశారు. క్లెప్‌లో (కాలేజీ క్రెడిట్ కోసం రాసే పరీక్షల్లో) లాటిన్ లేదు, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్ మాత్రమే. అలీరా అని చదివి అర్థం చేసుకోవడాన్ని కంప్యూటర్ మీద కొలిచే పరీక్ష ఒకటుంది, ఏపీ సీటు ఎక్కడా దొరక్కపోతే అప్పుడు దాని సంగతి మాట్లాడుకుందాం.

పతకం వచ్చిందా, అది బంగారమా వెండా అని మీ అత్తగారింట్లో లెక్కలేస్తారు, నాకు తెలుసు. మొదటి ఏడాది ఆ మాట వాడి చెవిన పడనీకు.

ముందు మీ దగ్గరి స్కూల్లో లాటిన్ టీచరుకి ఒక మెయిల్ రాయి. పిల్లాడి క్లాసు, ఏ పుస్తకం ఎంతవరకు అయింది, ఏ లెవెల్ రాయాలనుకుంటున్నాడు, ఫీజు మేమే కడతాం, ఇంతే, నాలుగు లైన్లు చాలు. మన కష్టాలూ, స్కూలు ఎందుకు మానిపించామన్న కథా అందులో రాయకు. పంపే ముందు నాకు చూపించు. వారంలో జవాబు రాకపోతే మొహమాటపడకుండా ఫోన్ చెయ్యి. ఈలోగా ఒక పాత పేపరు వాడిచేత టైం పెట్టి రాయించి, మార్కులు కాదు, తప్పు పోయిన ప్రశ్నల నంబర్లు నాకు పంపించు, శనివారం వాడితో వీడియో కాల్లో కూర్చుంటాను.

మీ పెద్దమ్మ