ఆరు పోటీలు, ఒకే గుర్రం

వానలు తెరిపిచ్చి అజీజ్‌నగర్, మొయినాబాద్ వైపు ఇసుక మైదానాలు ఆరాయో లేదో, గుర్రపు స్వారీ సలహాలు అడుగుతూ నాకు ఉత్తరాలు మొదలవుతాయి. అక్టోబరు నుంచి జనవరి దాకా పోటీల సీజన్, మన హైదరాబాద్‌లో స్వారీ పిల్లలకి, వాళ్ల అమ్మానాన్నలకి, అందరికన్నా ఎక్కువగా గుర్రాలకి ఊపిరి సలపదు. ఈసారి నాలుగు ఉత్తరాలు తీసుకున్నాను. మొదటిదే సగం చోటు మింగేసింది. మిగతావాళ్లు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మా అమ్మాయికి పద్నాలుగేళ్లు, తొమ్మిదో తరగతి. 2023లో హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో మనవాళ్లు డ్రెస్సాజ్‌లో (గుర్రంతో లయగా అడుగులు వేయించే పోటీ) బంగారు పతకం గెలవడం టీవీలో చూసిన దగ్గర్నుంచి గుర్రాల పిచ్చి పట్టుకుంది. ఇప్పుడు షో జంపింగ్ (గుర్రాన్ని కర్రల అడ్డంకుల మీదుగా దూకించే పోటీ) చేస్తోంది, 90 సెంటీమీటర్ల ఎత్తు క్లాసు. తొమ్మిదేళ్ల గుర్రాన్ని ఇంకో కుటుంబంతో కలిసి లీజుకు తీసుకున్నాం. జనవరి లోపు ఆరు పోటీలు, అందులో రెండు బెంగళూరులో. కోచ్ అన్నిటికీ పేరిచ్చేయమంటున్నారు. వారానికి నాలుగు రోజులు జంపింగ్ చేయిస్తున్నారు. మొన్నటి పోటీలో గుర్రం దూకకుండా రెండుసార్లు ఆగిపోయింది. పాప ఏడ్చేసింది, ఇప్పుడు జీను ఎక్కాలంటేనే టెన్షన్ పడుతోంది. పైగా హాఫ్ ఇయర్లీ పరీక్షలు. ఏం చెయ్యమంటారు మేడమ్?
(ఒక తల్లి, కోకాపేట)

జవాబు: అమ్మా, మీరు ఆరు పోటీల గురించి అడిగారు గానీ నా కళ్లు ఇంకో మాట దగ్గర ఆగిపోయాయి. ‘ఇంకో కుటుంబంతో కలిసి’ అన్నారు చూడండి, అక్కడ. ఆ ఇంటి పిల్ల వారానికి ఎన్ని రోజులు ఎక్కుతోంది? మీ పాప నాలుగు రోజులు, రోజుకి పాతిక జంపులు అనుకుందాం. వంద. ఆ పిల్ల రెండు రోజుల్లో ఇంకో యాభై. మీ లెక్కలో వంద, వాళ్ల లెక్కలో యాభై, గుర్రం కాళ్లలో మాత్రం నూటయాభై. పోటీ రోజున ఇద్దరూ దాన్నే ఎక్కితే వార్మప్ కూడా రెండుసార్లు. ముందు ఆ కుటుంబంతో కూర్చోండి. తబేలా గోడకి ఒక నోటుపుస్తకం వేలాడదీసి, ఎవరు ఎక్కినా ఆ రోజు ఎన్ని దూకించారో రాయమనండి. నెల తిరగకుండానే మీకు చాలా సంగతులు తెలుస్తాయి.

గుర్రంతో వచ్చిన చిక్కేమిటంటే, అది పైకి హుషారుగానే కనిపిస్తుంది. పని పెంచితే గుండె, ఊపిరితిత్తులు, కండలు కొన్ని వారాల్లో అలవాటు పడిపోతాయి. టెండన్లకి (కండని ఎముకకి కట్టి ఉంచే తాళ్లు), ఎముకలకి నెలలు పడుతుంది. జంపు దిగేటప్పుడు బరువు మొదట ఒక్క ముందుకాలి మీదే పడుతుంది. ఊపిరి ఆడుతోంది, ఉరుకుతోంది కదా అని మనం దూకిస్తూ పోతాం. ముందుకాలి మోకాలి కింద, వెనక వైపు తాడులా తగులుతుందే, దాన్ని రోజూ పొద్దున జీను వెయ్యకముందే చేత్తో తడిమి చూడమనండి. రెండు కాళ్లూ పోల్చాలి. ఒకటి వెచ్చగా ఉన్నా, ఉబ్బినట్టున్నా ఆ రోజు స్వారీ లేదు. పోటీ ఉన్నా లేదు.

ఇక పోటీల సంగతి. ఆరూ వద్దు, నాలుగు చాలు. రీజనల్ లీగ్ పోటీలు ఉంచుకోండి, జూనియర్ నేషనల్స్‌కి దారి అదే కాబట్టి. బెంగళూరు ఒక్కసారి చాలు. పరీక్షల వారంలో పడేదాన్ని కొట్టేయండి. కోచ్ మొహమాటపెడతారు, తెలుసు. నేనూ కోచ్‌నే, నేనూ పెట్టాను.

రెండు పోటీల మధ్య వారానికి ఒక్క రోజే జంపింగ్, పది పన్నెండు జంపులకి మించకుండా. మిగతా రోజుల్లో నేల మీద పరిచిన కర్రల మీదుగా ట్రాట్ (చిన్న పరుగు), మంచి ఫ్లాట్‌వర్క్ (దూకుడు లేని సాధన), ఒక రోజు బయట మట్టి దారుల్లో నడక. గండిపేట వైపు కంకర లారీలు తిరగని దారి వెతుక్కోవడమే ఇప్పుడు పెద్ద పని, అది వేరే సంగతి. పోటీ రోజున పది నిమిషాలు వదులు పగ్గంతో నడక, తర్వాత ట్రాట్, కాంటర్ (అంతకన్నా వేగమైన పరుగు), ఆపైన ఎనిమిది జంపులు. నా దగ్గర ఎనిమిదే. వార్మప్ రింగులో కంచె అవతల నిలబడి ‘ఇంకొక్కటి బేటా, ఇంకొక్కటి’ అనే తండ్రులని చూస్తుంటాను. ఆ ఇంకొక్కటి లోపల కోర్సులో చివరి జంపు దగ్గర కర్ర పడగొడుతుంది. కర్ర పడితే 4 పెనాల్టీలు.

గుర్రం ఆగిపోయిందన్నారు. దాన్ని మొండి అనకముందు జీను చూపించండి. సీజన్‌లో వీపు కండ మారుతుంది, ఆగస్టులో సరిపోయిన జీను నవంబరులో నొక్కుతుంది. పళ్లు చూపించండి. నాల్బంద్ వచ్చి ఎన్ని రోజులైందో అడగండి, నాలుగు నుంచి ఆరు వారాలకోసారి లాడాలు మార్చాలి. ఇవన్నీ బాగుంటే అప్పుడు పాప చేతులు చూడాలి. టెన్షన్ పడిన పిల్లలు జంపు ముందు పగ్గం బిగబట్టేస్తారు. ‘దూకు’ అని కాళ్లతో, ‘వద్దు’ అని చేతులతో చెబితే గుర్రం ఏ మాట వినాలి?

బెంగళూరు దాదాపు 570 కిలోమీటర్లు. గుర్రాల బండి కారులా పరిగెత్తదు, పగలూ రాత్రీ కలిపి పోవాల్సిందే. తల ఎత్తి కట్టేసి అన్ని గంటలు ఉంచితే ఊపిరితిత్తుల్లో పేరుకున్నది కిందికి దిగదు, న్యుమోనియా రావచ్చు. నాలుగు గంటలకోసారి బండి ఆపి తల దించుకోనివ్వాలి, నీళ్లు చూపించాలి. చాలా గుర్రాలు కొత్త ఊరి నీళ్లు ముట్టవు. వారం ముందు నుంచే ఇంటి దగ్గర నీళ్లలో కొంచెం బెల్లం కలిపి అలవాటు చేస్తే, అక్కడా అదే రుచికి తాగుతాయి. పోటీకి ముందు ఒక రోజంతా అక్కడ ఊరికే ఉండేలా బయల్దేరండి.

దాణా విషయంలో నా తప్పు ఒకటి చెప్పాలి. ఏళ్ల కిందట, దసరాకి మా సాయీస్ (గుర్రాన్ని చూసుకునేవాడు) ఊరెళ్లాడు. రెండు రోజులు గుర్రానికి పని లేదు. పాపం కట్టేసి ఉంది కదా అని నేనే ఉలవలు, పెల్లెట్లు రోజూ ఇచ్చినంతే పెట్టాను. మూడో రోజు పొద్దున కాంటర్ మొదలుపెట్టిన పది నిమిషాలకి వెనక భాగం బండలా బిగుసుకుపోయింది. చెమటలు. అడుగు వెయ్యదు. బద్ధకమేమో అనుకుని మడమతో పొడిచి ఇంకో పదడుగులు నడిపించాను. అది చేసిన మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో ఉంది. డాక్టరు వచ్చి ‘ఒక్క అడుగు కూడా కదిలించొద్దు’ అన్నాక గానీ నేనేం చేశానో నాకు అర్థం కాలేదు. కండలు దెబ్బతిని ఆ రంగు వచ్చింది. మాకు ఆ సీజన్ అక్కడితో అయిపోయింది. సాయీస్ తిరిగొచ్చి నన్ను తిట్టలేదు. గుర్రం పక్కన కూర్చుని నడుము నిమురుతూ ‘ఛుట్టీ మే దానా ఆధా, మేడమ్’ అన్నాడు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు పెద్దలు. తప్పదు నిజమే, కానీ పని లేని రోజు సగానికి తగ్గాలి, గడ్డి మాత్రం కడుపునిండా ఉండాలి.

మీ పాప టీవీలో చూసిన ఆ బంగారం ఏషియన్ గేమ్స్ ఈక్వెస్ట్రియన్‌లో (గుర్రపు స్వారీ పోటీల్లో) మనకి 41 ఏళ్ల తర్వాత వచ్చింది. గెలిచిన నలుగురూ ఇల్లు వదిలి యూరప్‌లో ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్లు. పద్నాలుగేళ్ల పిల్లకి జనవరితో ఏదీ అయిపోదు. ఓ రెండు వారాలు దూకడం మానిపించి, ఆ బయట నడకకి పంపండి. ఏడుపు దానంతటదే తగ్గుతుంది.

ప్రశ్న: మాఘమాసంలో నా పెళ్లి. బరాత్‌కి గుర్రం మాట్లాడారు. ఎప్పుడూ ఎక్కలేదు. ముందే రెండు క్లాసులు నేర్చుకుంటే మంచిదా?
(పెళ్లికొడుకు, దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: శుభం నాయనా. క్లాసులు అక్కర్లేదు. నేర్చుకున్నవాళ్లే పగ్గం లాగి గోల చేస్తారు. మీరు జీను ముందు భాగం పట్టుకుని, మడమలు కిందికి దించి కూర్చోండి. నడిపించేవాడు ఉంటాడు. బ్యాండుకి అలవాటు పడిన గుర్రమైనా కాళ్ల దగ్గర టపాసు పేలితే బెదురుతుంది, మీ స్నేహితులకి ఆ ముక్క గట్టిగా చెప్పండి. మేనల్లుడిని ముందు కూర్చోబెట్టుకోవద్దు. ఒక బకెట్ నీళ్లు, కాస్త గడ్డి ఫంక్షన్ హాలు గేటు దగ్గర పెట్టించండి. ఆ రాత్రి దానికి అది రెండో పెళ్లో మూడో పెళ్లో అయి ఉంటుంది.

ప్రశ్న: మలక్‌పేటలో పరుగులు మానేసిన ఐదేళ్ల థరోబ్రెడ్‌ని (రేసు జాతి గుర్రాన్ని) మూడు వారాల కిందట కొన్నాను. ఎక్కబోతే నిలబడదు. పగ్గం లాగితే ఇంకా ఉరుకుతోంది. జనవరిలో చిన్న క్లాసులో దించాలని ఉంది. ట్రైనింగ్ ఎలా మొదలుపెట్టాలి?
(సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మియాపూర్)

జవాబు: అది మీ మాట వినకపోవడం కాదు, పాత ఉద్యోగంలో నేర్చుకున్నదాన్నే చేస్తోంది. రేసుల్లో జాకీని పక్కనున్నవాడు కాలు పట్టి పైకి ఎత్తుతాడు, అప్పుడు గుర్రం నడుస్తూనే ఉంటుంది. మీరు స్టూలు వేసుకుని ఎక్కేదాకా కదలకుండా నిలబడాలని దానికి ఎవరూ చెప్పలేదు. పరుగులో పగ్గం బిగిస్తే దాని మీద ఆనుకుని ఇంకా సాగుతుంది. మీరు లాగుతున్నారు, అది ‘సరే’ అంటోంది. పొట్టి రికాబుల మీద కూర్చునే జాకీల కాళ్లు దాని పక్కలకి తగిలేవి కావు, మీ పొడుగు కాళ్లు తగిలినప్పుడల్లా ఉలిక్కిపడుతుంది.

లాగకండి. పెద్ద గుండ్రంలోకి తిప్పండి, మెల్లగా గుండ్రం చిన్నది చెయ్యండి, అదే నెమ్మదిస్తుంది. అప్పుడు పగ్గం వదులు చెయ్యండి. రోజూ స్టూలు పక్కన నిలబెట్టి, ఎక్కకుండానే మెడ నిమిరి పంపెయ్యండి. వారం పడుతుంది, పట్టనివ్వండి.

రేసు దాణా మంటలాంటిది. దాన్ని ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే. పది రోజుల్లో కొంచెం కొంచెంగా గింజ తగ్గించి గడ్డి పెంచండి. గుర్రం కడుపులో యాసిడ్ తింటున్నా తినకున్నా ఊరుతూనే ఉంటుంది, రేసు గుర్రాల్లో అల్సర్లు చాలా మామూలు. ఎక్కడానికి ముందు రెండు గుప్పిళ్లు లూసర్న్ గడ్డి పెట్టండి, ఖాళీ కడుపుతో పరిగెత్తించవద్దు. పరుగుల కోసం వేసిన తేలిక అల్యూమినియం లాడాలు ఇంకా ఉంటే నాల్బంద్‌ని పిలిచి మార్పించండి.

జనవరిలో తీసుకెళ్లండి, కానీ పేరివ్వకుండా. మైకు, జనం, పక్కన దూసుకెళ్లే గుర్రాలు అంటే దానికి తెలిసిన అర్థం ఒక్కటే: గేటు తెరుచుకోబోతోంది. ఒక మూల నిలబెట్టి గడ్డి తినిపించి ఇంటికి తీసుకురండి. తల దించి గడ్డి తిన్నదంటే ఆ రోజు మీకు కప్పు వచ్చినట్టే.

ప్రశ్న: వానలు తగ్గినప్పటి నుంచి మా గుర్రం సన్నబడుతోంది. తిండి మామూలే. రెండుసార్లు జ్వరం వచ్చి తగ్గింది. పొట్ట కింద కొంచెం వాపు ఉంది. సాయీస్ వేడి చేసిందంటాడు. పక్కనే గేదెల పాక ఉంది, జోరీగలు ఎక్కువ. పోటీ దగ్గర పడుతోంది. టానిక్ ఏదైనా చెప్పండి.
(శామీర్‌పేట)

జవాబు: టానిక్ కాదు, ఈరోజే పశువైద్యుడిని పిలవండి. జ్వరం రావడం పోవడం, తింటున్నా చిక్కిపోవడం, పొట్ట కింద వాపు, చుట్టూ జోరీగలు. వీటిని చూస్తే ముందుగా సర్రా రోగాన్ని అనుమానించాలి. ట్రిపనోసోమా అనే పరాన్నజీవి రక్తంలో చేరి చేసే పని ఇది, జోరీగలు ఒక జంతువు నుంచి ఇంకోదానికి మోసుకొస్తాయి. గేదెల్లో పెద్దగా బయటపడకుండా కూడా ఉండొచ్చు. గుర్రాన్ని మాత్రం వదిలేస్తే చంపేస్తుంది. పొద్దున, సాయంత్రం థర్మామీటర్ పెట్టి రాయండి. గుర్రానికి 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్ మామూలు. జ్వరం ఎక్కిన సమయంలో తీసిన రక్తంలో ఆ జీవి తేలిగ్గా దొరుకుతుంది. ఒకే సూది రెండు గుర్రాలకి వాడనివ్వకండి.

మందు డోసుకి బరువు కావాలి. తూనిక లేకపోతే టేపు చాలు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత సెంటీమీటర్లలో తీసి, దాన్ని దానితోనే గుణించండి. వచ్చినదాన్ని భుజం ముందు మొన నుంచి పిరుదు ఎముక దాకా ఉన్న పొడవుతో గుణించి 11,877తో భాగించండి. చుట్టుకొలత 170, పొడవు 150 అయితే దాదాపు 365 కిలోలు. వారానికోసారి కొలిస్తే సన్నబడటం ఆగిందో లేదో కూడా తెలుస్తుంది.

పోటీ ఏ తేదీనో మీరు రాయలేదు, నేనూ అడగను. రక్తం రిపోర్టు వచ్చేదాకా జీను గోడకే ఉండనివ్వండి.