మంత్రానికి ఖరీదు కట్టాల్సిన కథలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఫాంటసీ నవలలు, సిరీస్‌ల గురించి అడిగినవే ఎక్కువ. నాకిష్టమైన సంగతి కాబట్టి జవాబులు కాస్త పెద్దవే అయ్యాయి.

ప్ర: అక్కా, యుద్ధాలూ డ్రాగన్లూ చూసి చూసి విసుగొచ్చింది. ఈమధ్య మీకు బాగా నచ్చిన ఫాంటసీ సిరీస్ ఒక్కటే చెప్పండి.
– ఐటీ ఉద్యోగి, హైదరాబాద్

జ: 'ఫ్రీరెన్'. జపాన్ యానిమే. 28 ఎపిసోడ్ల మొదటి సీజన్ 2023 సెప్టెంబర్‌లో మొదలై 2024 మార్చిలో ముగిసింది. బొమ్మలు కదా, పిల్లల కోసమేమో అనుకోకండి. వేరే కథలు ఎక్కడ ఆగిపోతాయో ఇది అక్కడ మొదలవుతుంది. నలుగురు కలిసి పదేళ్లు తిరిగి, రాక్షస రాజుని చంపి, ఊరికి తిరిగొచ్చేశారు. ఆ నలుగురిలో ఫ్రీరెన్ ఎల్ఫ్ జాతి మంత్రగత్తె, వెయ్యేళ్లు దాటి బతికిన మనిషి, ఆమెకి ఆ పదేళ్లు మనకి ఒక వేసవి సెలవుల్లాంటివి. యాభై ఏళ్ల తర్వాత ఉల్కలు చూడ్డానికి మళ్లీ కలుద్దామని చెప్పి తన దారిన తాను వెళ్లిపోతుంది. తిరిగొచ్చేసరికి దండుకి నాయకుడైన హిమ్మెల్ ముసలివాడైపోయి ఉంటాడు, ఆ ఉల్కలు చూశాక ఎన్నాళ్లో ఉండడు కూడా. పదేళ్లు పక్కనే నడిచిన మనిషి గురించి తనకేమీ తెలియదని ఆమెకి అతని అంత్యక్రియల దగ్గర తెలిసొస్తుంది, అక్కడ ఏడుస్తుంది చూడండి, నాకు గొంతు పట్టేసింది.

ఆ తర్వాత కథంతా ఆమె పాత దారిలోనే మళ్లీ నడుస్తూ అతన్ని ఆలస్యంగా అర్థం చేసుకోవడమే. పూలతోట పుట్టించే మంత్రం లాంటి చిన్న చిన్న మంత్రాలు పోగేసుకోవడం ఆమెకి ఇష్టం, ఎందుకంత ఇష్టమో తెలిసినప్పుడు ఆ పిచ్చిపని కూడా ఎంతో ముద్దొస్తుంది. చివర్లో వచ్చే మంత్రగాళ్ల పరీక్ష మాత్రం సాగింది, ఫైట్లు ఎక్కువై అసలు బాధ పక్కకి పోయింది.

ప్ర: మేడమ్, ఫాంటసీ అంటే అన్నీ వెయ్యి పేజీల పుస్తకాలే కనిపిస్తున్నాయి. పరీక్షల మధ్యలో చదవగలిగేది ఏదైనా ఉందా?
– డిగ్రీ విద్యార్థిని, విజయనగరం

జ: ఉందమ్మా, సుజానా క్లార్క్ రాసిన 'పిరనేసి'. 2020లో వచ్చింది, 2021లో బ్రిటన్‌లో విమెన్స్ ప్రైజ్ గెలుచుకుంది. రెండు వందల యాభై పేజీలుంటుందేమో. అంతులేని గదులున్న ఒక ఇల్లు, గదుల నిండా శిల్పాలు, కింది అంతస్తుల్లో సముద్రం, పైన మేఘాలు. అందులో ఒంటరిగా తిరిగే ఒకతను చేపలు పట్టుకుంటాడు, ఆటుపోట్ల లెక్కలు రాసుకుంటాడు, అక్కడ దొరికిన ఎముకలకి పూలు పెడతాడు. ఆ ఇల్లు తనని చల్లగా చూస్తోందని నమ్ముతాడు. అదే ఇల్లు అతని దగ్గర ఏం తీసేసుకుందో మనకి అతనికంటే ముందే అర్థమవుతుంది. నాకు ఊపిరాడనిది అక్కడే. వెనక అట్ట మీద కథ కూడా చదవకుండా మొదలుపెట్టు. మొదటి ముప్పై పేజీలు గందరగోళంగా ఉంటాయి, టెన్షన్ పడకు, అతని డైరీని నమ్మి వెళ్లిపో.

ప్ర: 'వీల్ ఆఫ్ టైమ్' సిరీస్‌ని మధ్యలో ఆపేశారు కదా. ఇప్పుడు చూడ్డం దండగేనా?
– డాలస్ నుంచి ఒక పాఠకుడు

జ: దండగ కాదండీ. 2021లో మొదలైంది, మూడు సీజన్లు వచ్చాక 2025లో ఆపేశారు, అదీ సరిగ్గా బాగుపడిన టైంలో. మొదటి సీజన్ తడబడింది, ఒప్పుకుంటాను. కానీ మూడో సీజన్ నాలుగో ఎపిసోడ్ ఒక్కటి చాలు. రాండ్ అనే కుర్రాడు గాజు స్తంభాల మధ్య నడుస్తూ తన పూర్వీకుల బతుకుల్లోకి ఒక్కో తరం వెనక్కి వెళ్తాడు, ఆ తాతముత్తాతలందరి పాత్రలూ ఆ నటుడే వేశాడు. ఈటె పట్టడమే బతుకనుకునే ఎడారి జాతి ఒకప్పుడు ఆయుధం ముట్టబోమని ప్రమాణం చేసిన వాళ్లేనని అక్కడ తెలుస్తుంది. ఆ నిజం తట్టుకోలేక నాయకులు కావాలనుకున్న వాళ్లు చాలామంది అక్కడే పోతారు. ఈ లోకంలో మంత్రశక్తి వాడిన మగవాళ్లు క్రమంగా పిచ్చివాళ్లవుతారు, కాబట్టి హీరోకి బలం పెరిగిందంటే మనకి సంతోషం కంటే భయమే ఎక్కువ. నన్ను కట్టిపడేసింది ఆ భయమే. ఎంత వాడినా తరగని, ఏమీ అడగని మంత్రం ఉన్న కథలో నాకు ఎవరి గురించీ బెంగ ఉండదు, చదవడం ఆపేస్తాను.

ముగింపు కావాలంటే నవలలు ఉన్నాయి: 14 పుస్తకాలు, పైన ముందు కథ ఒకటి. రచయిత రాబర్ట్ జోర్డాన్ 2007లో పోయాక, ఆయన రాసి ఉంచిన నోట్స్ ఆధారంగా బ్రాండన్ శాండర్సన్ చివరి మూడూ పూర్తి చేశాడు. మధ్యలో కొన్ని పుస్తకాల్లో కథ అస్సలు కదలదు, అక్కడ పేజీలు తిప్పేసినా తప్పు లేదు.

ప్ర: 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' నవలలు ఇప్పుడు మొదలుపెట్టనా?
– కర్నూలు

జ: మొదటి మూడూ తప్పకుండా చదవండి. ఐదోది 2011లో వచ్చింది, ఆరోదాని కోసం లోకమంతా ఎదురుచూస్తూనే ఉంది. ముగింపు లేకపోతే నిద్రపట్టని వాళ్లయితే వద్దు.

ప్ర: మా నాన్నగారు 'చందమామ'లో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్ చదివి పెరిగారు. ఇప్పటికీ 'తోకచుక్క' గురించి చెబుతుంటారు. ఇంగ్లీషు బాగా చదువుతారు. ఆయనకి ఏ పుస్తకం ఇవ్వమంటారు?
– గుంటూరు

జ: ఈ ప్రశ్న చూసి ఎంత సంతోషం వేసిందో! ఆ సీరియల్స్, వాటికి చిత్రా గారు వేసిన బొమ్మలు చూసి పెరిగిన వాళ్లకి ఫాంటసీ కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. ఉర్సులా లె గ్విన్ రాసిన 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' ఇవ్వండి. 1968 నాటిది, చిన్న పుస్తకం, సాఫీగా చదివిస్తుంది. దీవుల లోకం, మేకలు కాసే కుర్రాడు మాంత్రికుడవుతాడు. చామనఛాయ కుర్రాడు, ఆ రోజుల్లో ఇంగ్లీషు ఫాంటసీలో అది చాలా అరుదు. తోటి విద్యార్థి మీద పంతంతో చచ్చినవాళ్లని పిలవబోయి ఒక నీడని లోకంలోకి వదిలేస్తాడు. తెరుచుకున్న ఆ దారిని మూయడానికి పెద్ద గురువు తన శక్తంతా పోసి ప్రాణం వదులుతాడు. కుర్రాడి ముఖం మీద మచ్చ మిగిలిపోతుంది, నీడ వెంటపడుతుంది. ఊళ్లూ దీవులూ దాటి పారిపోయి పారిపోయి, చివరికి తనే దాన్ని వెతుక్కుంటూ సముద్రం మీదకి బయల్దేరతాడు.

కాస్త పెద్ద అక్షరాల ప్రతి దొరికితే అదే కొనండి. లోపల మ్యాప్ ఉందో లేదో కూడా చూసుకోండి, నాన్నగారు కుర్రాడి పడవ ఏ దీవి నుంచి ఏ దీవికి వెళ్లిందో వేలు పెట్టి చూసుకోవచ్చు.