పాఠకుల ప్రశ్న: అల్లుడి జీతానికి మా పొలం తోడవుతుందా?

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. నిరుడు మా అమ్మాయికి పెళ్లయింది. అల్లుడు అమెరికా పౌరుడు. అమ్మాయిని తీసుకువెళ్లడానికి అతను వేసిన పిటిషన్ మంజూరైంది. ఇప్పుడు అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్ (అమ్మాయి పోషణ భారం తనదేనని అల్లుడు ఇచ్చే హామీపత్రం) దాఖలు చేయమంటున్నారు. అతనిది కొత్త ఉద్యోగం, ఏడాదికి 24,000 డాలర్లు. నిరుటి పన్ను రిటర్నులో 17,000 డాలర్లే ఉంది. మూడేళ్ల కిందట అతను తన తల్లిని కూడా స్పాన్సర్ చేసి తీసుకువెళ్లాడు. మా వియ్యపురాలు కొడుకుతోనే ఉంటూ పిల్లల సంరక్షణ కేంద్రంలో పనిచేసి ఏడాదికి సుమారు 11,000 డాలర్లు సంపాదిస్తున్నారు. అమ్మాయి పేరిట 8 లక్షల రూపాయల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. నా పేరిట పర్లాకిమిడి వైపు రెండెకరాలు, పాతపట్నం వైపు ఎకరం పొలం ఉన్నాయి. ఇవి చూపవచ్చునా? హెచ్-1బి మీద ఉన్న అల్లుడి స్నేహితుడు తానూ సంతకం పెడతానంటున్నాడు. నెల రోజులకు 20 లక్షలు అప్పు తెచ్చి అమ్మాయి ఖాతాలో వేయమని ఇక్కడ ఒక పెద్దమనిషి సలహా ఇచ్చారు. ఏం చేయమంటారు?
— ఒక తండ్రి, పర్లాకిమిడి

జవాబు: ముందుగా ఆ పెద్దమనిషి సలహాను పక్కన పెట్టండి. బ్యాంకు సొమ్మును ఆస్తిగా చూపినప్పుడు గత 12 నెలల జమాఖర్చుల వివరాలు అడుగుతారు. నిన్న వచ్చి పడిన 20 లక్షలు ఎక్కడివన్న ప్రశ్నకు మీ అమ్మాయి ఇంటర్వ్యూలో ప్రమాణపూర్వకంగా జవాబు చెప్పవలసి వస్తుంది. అప్పు తెచ్చిన సొమ్మును ఆమె ఆస్తి అనడం అబద్ధమే అవుతుంది. పైగా వడ్డీ కట్టవలసింది మీరు.

ఇక అసలు లెక్క. స్పాన్సర్ ఆదాయం అమెరికా ప్రభుత్వం ఏటా ప్రకటించే పేదరిక ప్రమాణంలో కనీసం 125 శాతం ఉండాలి. స్పాన్సర్ సైన్యంలో క్రియాశీల సేవలో ఉండి భార్యను తీసుకువెళ్తుంటే 100 శాతం చాలు, మీ అల్లుడుగారికి అది వర్తించదు. 2025 పట్టిక ప్రకారం అలాస్కా, హవాయి కాక మిగిలిన రాష్ట్రాల్లో ఇద్దరి కుటుంబానికి కావలసింది 26,437 డాలర్లు. భార్యాభర్తలు ఇద్దరే కదా, 2,437 డాలర్లే తక్కువ, అమ్మాయి డిపాజిట్‌తో సరిపోతుంది అని మీ ఇంట్లో ఎవరైనా లెక్క వేసి ఉంటే అక్కడే పొరపాటు జరిగింది. గతంలో తాను ఐ-864 (అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్ ఫారం) సంతకం చేసి తీసుకువెళ్లిన వ్యక్తి మీద బాధ్యత ఇంకా తీరకపోతే, ఆ వ్యక్తి వేరే ఇంట్లో ఉన్నా సరే, స్పాన్సర్ తన కుటుంబ సంఖ్యలో కలుపుకోవలసిందే. మీ వియ్యపురాలు వెళ్లి మూడేళ్లే అయింది కనుక లెక్క ముగ్గురికి వెళ్తుంది. ముగ్గురికి కావలసింది 33,312 డాలర్లు, అంటే లోటు 9,312 డాలర్లు.

ఆదాయం చాలని చోట ఆస్తి చూపవచ్చు గాని, అమెరికా పౌరుని భార్య విషయంలో లోటుకు మూడు రెట్లు చూపాలి. అతను పౌరుడు కాక గ్రీన్‌కార్డుదారు అయి ఉంటే అది ఐదు రెట్లయ్యేది. మీ లెక్కన కావలసింది 27,936 డాలర్లు. డాలరు 85 రూపాయలనుకుంటే 8 లక్షలు 9,400 డాలర్ల చిల్లర. వలస వెళ్తున్న వ్యక్తి సొంత ఆస్తి చెల్లుతుంది కనుక డిపాజిట్ పనికివచ్చేదే, కాని ఒక్కటే అయితే మూడో వంతు లోటును మాత్రమే పూడుస్తుంది. మీ పొలం మీ పేరిట ఉన్నంతకాలం ఈ లెక్కలోకి రాదు. అమ్మి ఆ సొమ్ము అమ్మాయికి నిజంగా ఇచ్చేస్తే అది ఆమె ఆస్తే అవుతుంది గాని, ఈ ఒక్క కాగితం కోసం పొలం అమ్ముకొమ్మని నేను చెప్పను.

ఎందుకంటే మీ దారి మీ వియ్యపురాలి దగ్గరే ఉంది. అదే ఇంట్లో ఉంటున్న రక్తసంబంధీకులు ఐ-864ఎ అనే ఒప్పందం మీద సంతకం చేస్తే వారి ఆదాయాన్ని స్పాన్సర్ ఆదాయానికి కలపవచ్చు. 24,000కు 11,000 కలిస్తే 35,000, గట్టెక్కుతారు. అయితే ఆవిడ పన్ను రిటర్ను, జీతపు ఆధారాలు, ఒకే చిరునామాలో ఉంటున్నట్టు రుజువు జతచేయాలి. ఏటా కొత్త పట్టికలో అంకెలు పెరుగుతాయి కనుక దాఖలు చేసే ముందు తాజా పట్టిక చూడండి. మిగులు పలచగా ఉన్నందున అమ్మాయి డిపాజిట్ పత్రాలనూ కలిపి పంపడం మేలు. నిరుటి 17,000 గురించి భయపడనక్కరలేదు. చూసేది ప్రధానంగా ప్రస్తుత ఆదాయమే. రిటర్నుతో పాటు యజమాని ఇచ్చిన ఉత్తరం, ఇటీవలి జీతపు స్లిప్పులు ఉండాలి.

స్నేహితుని సంగతి. ఉమ్మడి స్పాన్సర్‌కు బంధుత్వం ఉండనక్కరలేదు గాని, అతను అమెరికా పౌరుడో గ్రీన్‌కార్డుదారో అయి తీరాలి. హెచ్-1బి మీద ఉన్నవారి జీతం ఎంతైనా ఆ సంతకం చెల్లదు. అర్హుడైన వేరొకరు దొరికినా, వారి ఆదాయం మీ అల్లుడుగారి ఆదాయంతో కలపరు. వారు తమ కుటుంబానికి మీ అమ్మాయిని చేర్చుకుని మొత్తం పరిమితిని తామే అందుకోవాలి. నలుగురున్న ఇంటివారైతే ఐదుగురి లెక్కన 47,062 డాలర్లు కావాలి. అప్పుడు కూడా మీ అల్లుడుగారు తన ఐ-864 వేయక తప్పదు. మొహమాటం కొద్దీ ఒప్పుకునేవారికి ముందే చెప్పండి: విడాకులైనా ఆ బాధ్యత తీరదు. మీ అమ్మాయి పౌరసత్వం పొందడమో, సుమారు పదేళ్ల పనికి సమానమైన 40 త్రైమాసికాలు ఆమె ఖాతాలో నమోదు కావడమో, దేశం శాశ్వతంగా విడవడమో, మరణమో సంభవించే దాకా ఉంటుంది.

మీ సరిహద్దు ఊళ్లవారికి ఎదురయ్యే చిక్కు ఇంకొకటుంది. పుట్టిన తేదీ పత్రమో మరొకటో ఒడియాలో ఉంటే ఇంగ్లీషు అనువాదం, అది సరైనదని, తనకు ఆ రెండు భాషలు వచ్చునని అనువాదకుడు సంతకం చేసిన ప్రకటన కావాలి. పాతపట్నం వైపు తీసుకున్న తెలుగు పత్రానికీ అంతే. ఆంధ్ర వైపు పేరుకు ముందు ఇంటిపేరు, ఒడిశా వైపు పేరు తరువాత ఇంటిపేరు పడటం మామూలే. డిపాజిట్ రసీదు మీద ఇంటిపేరు ఒక్క అక్షరంగానే ఉందేమో చూసి, పాస్‌పోర్టులో ఉన్నట్టు పూర్తి పేరుతో బ్యాంకు నుంచి ఉత్తరం ఇప్పుడే తీసుకోండి. ముంబై కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకు వెళ్లే రోజు అసలు రసీదు అమ్మాయి చేతిలో ఉండాలి.