రాట్నం పెట్టెలో దొరికిన చేప పళ్ల పుల్ల

నాయనమ్మగారి రాట్నం పెట్టెలో పుల్లకు కట్టిన చేప పళ్లు దొరికాయి, దిష్టికి కట్టుకున్నదా అని అడిగారు. దిష్టికి కాదండి. అది వాలుగ చేప దవడ ముక్క. శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్ననూలు వడికే ఆడవాళ్లు పత్తి దువ్వుకునే పనిముట్టు. దయచేసి పారేయకండి.

వాలుగే ఎందుకంటే, దాని దవడ మీద పళ్లు ఒక్క వరుసలో ఉండవు. సూదిమొనల్లా సన్నగా, ఒత్తుగా, పట్టీలా పరుచుకుని లోపలికి వంగి ఉంటాయి. ఆకు నలుసు, దుమ్ము వాటికి చిక్కుతాయి, పీచు మాత్రం తెగదు.

గింజ తీయకముందే దువ్వాలి. గింజ ఉన్న వైపు ఎడమచేతి వేళ్లతో బిగించి పట్టుకుని, ముందు పీచు కొసలు దువ్వి, మెల్లగా గింజ దగ్గరికి రావాలి. మొదట్లోనే గింజ దగ్గర దువ్వితే ఉండలు కడుతుంది. ఆ ఉండలు తర్వాత విల్లుతో ఏకినా, అంటే దూది విడదీసినా, విడవవు, నూలులో ముడుల్లా తేలతాయి. పళ్లు వంగిన వైపు చూసుకుని ఒకే దిక్కుగా లాగాలి. ముసురు పట్టినప్పుడు పత్తి చెమ్మగిల్లుతుంది, కాస్త ఎండ తగిలించాకే ముట్టుకోవడం మంచిది.

ఆపైన గింజ తీయడం. చెక్క పలక మీద పత్తి పెట్టి సన్న ఇనప కడ్డీ దొర్లిస్తే గింజ చిట్లకుండా జారిపోతుంది. చిట్లిందా, పెంకు ముక్కలు దూదిలో కలిసి వడికేటప్పుడు పోగు తెగుతుంది. తర్వాత ఏకి, వడకడానికి వీలుగా దూదిని ఏకులుగా చుట్టి, ఎండిన అరటి పట్టలో ఉంచుతారు. చేతి చెమట దూదికి అంటకుండా ఆ పట్టతోనే పట్టుకుని వడుకుతారు. కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది, వంద కౌంటు నూలుకు ఇంత శ్రద్ధా కావాల్సిందే. అలా వడికిన వెయ్యి మీటర్లు ఒక చిలప. గాంధీజీ కొడుకు దేవదాస్ గాంధీ పొందూరు వచ్చి చూసింది ఈ పనితనాన్నే.

మీ దగ్గరున్నది పనికొస్తుందో లేదో తెలియాలంటే వేలికొస పళ్ల మీద ఆనించండి. గరుకుగా పట్టుకుంటే బాగున్నట్టే. నున్నగా ఉంటే అరిగిపోయింది, దాచుకోవడానికే. నీళ్లలో నానబెట్టవద్దు, కట్టు వదులవుతుంది. మెత్తని బ్రష్షుతో దుమ్ము దులిపి, ఎండు వేపాకుతో గుడ్డలో చుట్టి పెట్టండి. ఎముకకు పురుగు పట్టే గుణం ఉంది, అప్పుడప్పుడూ తీసి చూస్తుండండి.