ఇవాళ్టి గొంతుతో ఆడిషన్‌కి వెళ్ళు

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. ఈ వయసులో సంగీత నాటకానికి ఆడిషన్ ఇస్తే నలుగురూ ఏమనుకుంటారని అడిగావు. ఏమీ అనుకోరు. ఔత్సాహిక బృందాలకి కుర్రవాళ్ళు చాలామందే వస్తారు. తాత వేషానికీ, జడ్జి వేషానికీ, ఊరిపెద్ద వేషానికీ నిజంగా ఆ వయసున్న మనిషి దొరక్క, పాతికేళ్ళ పిల్లాడి జుట్టుకి తెల్లరంగు పూసి సరిపెట్టుకుంటూ ఉంటారు. పైగా ఇలాంటి బృందాల్లో ఆడవాళ్ళకి పోటీ ఎక్కువ, వేషాలు తక్కువ. మగవాళ్ళకి చాలాచోట్ల కొరతే. నువ్వు లోపలికి అడుగు పెడితే డైరెక్టర్ సంతోషిస్తారు తప్ప నొసలు చిట్లించరు. కాబట్టి వెళ్ళాలా వద్దా అన్నది వదిలెయ్. ఎలా తయారవ్వాలో చెప్తాను.

ముందు పాట సంగతి. కాలేజీలో నీకు పేరు తెచ్చిన పాటే మళ్ళీ పాడాలని నీ మనసులో ఉంటుందని నాకు తెలుసు. ఆ పాట వద్దు తమ్ముడూ. నీ గొంతు చెడిపోయిందని కాదు, మారింది. వయసు పెరిగేకొద్దీ స్వరతంత్రులు పలచబడతాయి, సాగే గుణం తగ్గుతుంది. మగవాళ్ళకి మాట స్థాయి కాస్త పైకి జరుగుతుంది, ఆడవాళ్ళకి కిందికి దిగుతుంది. ఊపిరి కూడా మునుపటంత నిలవదు. ఆ పాట ఎత్తుకున్నావంటే పాడుతున్నంతసేపూ అప్పటి నీతో పోటీ పడుతూ ఉంటావు, ఆ పోటీలో పాట్లు నీ ముఖంలో కనపడతాయి. ఎదురుగా కూర్చున్నవాళ్ళు నీ పాత గొంతు వినలేదు. వాళ్ళకి కావలసింది ఇప్పుడున్న గొంతే.

అందుకని కొత్తగా ఒక పాట ఎంచుకో. ప్రేమపాట అయినా ఫరవాలేదు, నీ వయసు మనిషి పాడితే దాని అర్థం ఇంకా లోతుగా వినపడుతుందంటే మరీ మంచిది. శ్రుతి కుదుర్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. పొద్దున లేచాక ఒకసారి, సాయంత్రం అలిసిపోయాక ఒకసారి పాడి ఫోన్‌లో రికార్డు చేసుకో. కొన్నాళ్ళు అలా విను. గొంతు బాగాలేని రోజున కూడా పై స్వరం హాయిగా అందే శ్రుతి ఏదో అదే నీది. ఒకటి రెండు మెట్లు దించావని ఎవరూ మార్కులు తగ్గించరు. అందని స్వరం కోసం మెడనరాలు బిగిస్తే మాత్రం అందరూ గమనిస్తారు.

సాధారణంగా 16 బార్లు పాడమంటారు, కొన్నిచోట్ల 32. బారు అంటే స్వరలిపిలో కొన్ని తాళం దెబ్బలు కలిసిన ఒక గడి. బారుకి నాలుగు దెబ్బలు, నిమిషానికి 120 దెబ్బల నడకలో పాడితే 16 బార్లు అంటే 32 సెకన్లే. పల్లవి మొదటినుంచీ ఎత్తుకోవాలని రూలేం లేదు. పాటలో మనిషి మనసు తిరిగే చోటు ఒకటి ఉంటుంది చూడు, అడుగుదామా వద్దా అని ఊగుతున్నవాడు అడిగేసే చోటు, అక్కడినుంచి ఎత్తుకో. చివరి స్వరం అయిపోయాక కూడా ఒక క్షణం ఆ పాత్రలోనే ఉండు. వెంటనే ముఖం మార్చి "అయిపోయిందండీ" అన్నట్టు నవ్వేవాళ్ళు చాలామంది ఉంటారు. అప్పటిదాకా పాడిందంతా ఆ నవ్వుతో కొట్టుకుపోతుంది.

పియానో దగ్గర గడిచే అర నిమిషం గురించి కాస్త వివరంగా చెప్పాలి, చాలామందికి అక్కడే బెడిసికొడుతుంది. స్వరలిపి కాగితాలు నీ శ్రుతిలోనే అచ్చు వేయించుకుని తీసుకెళ్ళు. అక్కడికక్కడ రెండు మెట్లు దించి వాయించమని పియానో వాయించేవాళ్ళని అడగకు. కొందరు వాయించగలరు, కానీ వాళ్ళకి ఆ ఇబ్బంది పెట్టడం మర్యాద కాదు. కాగితాలు విడివిడిగా ఉంటే ఫ్యాన్ గాలికి ఎగురుతాయి, ఫైల్లో పెట్టు, మెరిసే ప్లాస్టిక్ కవర్లు మాత్రం వద్దు, లైటు పడితే అక్షరాలు కనపడవు. ఎక్కడ మొదలో, ఎక్కడ ఆఖరో ఎర్ర పెన్సిల్‌తో గుర్తు పెట్టు. నమస్కారం చెప్పి, ఆ రెండు గుర్తులూ వేలితో చూపించి, నీకు కావలసిన నడకలో మొదటి లైను మెల్లగా పాడి వినిపించు. వేళ్ళతో చిటికెలు వేసి తాళం చూపించకు, అది వాళ్ళని ఆజ్ఞాపించినట్టు ఉంటుంది. తర్వాత నీ చోటికి నడిచి వెళ్ళి, ఊపిరి తీసుకుని, సిద్ధమని తల ఊపు. పాట మధ్యలో నడక తేడా వచ్చినా వాళ్ళ వైపు కోపంగా చూడకు. వాయిద్యంతో కలిసి సర్దుకోగలడా లేదా అన్నదీ అక్కడ చూస్తారు.

గొంతు సంరక్షణ నీకు తెలిసిందే, రెండు మాటలు చెప్పి వదిలేస్తాను. నీళ్ళు ఆ పూట కాదు, ముందు రోజునుంచీ తాగుతూ ఉండాలి. తాగిన నీళ్ళు స్వరతంత్రుల మీదుగా వెళ్ళవు, ఒంట్లోకి చేరాకే వాటికి తడి అందుతుంది. ఎలర్జీ మాత్రలూ, బీపీకి ఇచ్చే కొన్ని మాత్రలూ గొంతు ఆరబెడతాయి. నీకు అలా అనిపిస్తే డాక్టర్‌ని అడుగు, సొంతంగా మాత్రం మానెయ్యకు. పాడేముందు స్ట్రా పెదాల మధ్య పెట్టుకుని దాంట్లోంచి "ఊ" అని కింద స్వరంనుంచి పైకీ, పైనుంచి కిందికీ కొంచెంసేపు జారు. గొంతు మీద బరువు పడకుండా వేడెక్కుతుంది.

ఇక సంభాషణ చదవడం. కాగితం చేతికిచ్చి అప్పటికప్పుడు చదవమంటారు. కంఠతా పట్టాలేమోనని నువ్వు టెన్షన్ పడుతున్నావు గానీ ఇలా చేతికిచ్చిన కాగితాన్ని కంఠతా పట్టమని సాధారణంగా అడగరు. దగ్గరి చూపు కళ్ళజోడు మర్చిపోకు. కాగితం ఛాతీ ఎత్తులో పట్టుకో, ఒక ముక్క చూసి, తలెత్తి ఎదుటి మనిషి కళ్ళలోకి చూస్తూ ఆ ముక్క చెప్పు. వాళ్ళు మాట్లాడేటప్పుడు నీ తర్వాతి లైను వెతుక్కోకుండా విను. ఈ ఒక్కటి ఇంట్లో ఏ పేపరుతోనైనా సాధన చెయ్.

చదివాక డైరెక్టర్ "బాగుందండీ, ఇప్పుడు ఇదే మాట మీ కొడుకు ఇల్లు విడిచి వెళ్ళిపోతుంటే అన్నట్టు చెప్పండి" అంటారనుకో. నీకు చివుక్కుమంటుంది, ఇందాక బాగా చెయ్యలేదేమో అనిపిస్తుంది. అదేం కాదు. నచ్చనివాళ్ళని రెండోసారి అడగరు. చెప్తే మారతాడా, తనకి తోచిందే పట్టుకుని కూర్చుంటాడా అని చూస్తున్నారు. మన వయసువాళ్ళ మీద డైరెక్టర్లకి ఉండే భయం కూడా అదే, ముదిరిన కొమ్మ వంగదేమోనని. కాబట్టి రెండోసారి కొంచెం మార్చి ఊరుకోకు, బాగా తేడా తెలిసేలా మార్చు. ఇందాక గట్టిగా అరిచి ఉంటే ఈసారి గొంతు తగ్గించి, ఒక మాట దగ్గర ఆగు. ఆ మార్పు తప్పయినా సరే, వంగగలవని వాళ్ళకి తెలుస్తుంది. నా దృష్టిలో మొత్తం ఆడిషన్‌లో అన్నిటికన్నా విలువైన నిమిషం ఇదే.

డాన్స్ దగ్గర మోకాళ్ళ సంగతి దాచకు. కొరియోగ్రాఫర్‌తో ముందే చెప్పు, గెంతే చోట అడుగు వేస్తాను, చేతులూ తిరగడాలూ అన్నీ చేస్తానని. వాళ్ళు చూసేది కాలు ఎంత ఎత్తుకి లేచిందని కాదు, తాళంలో ఉన్నావా, అడుగు తప్పితే ఆగిపోకుండా మళ్ళీ అందుకున్నావా అని. రెండో వరుసలో, నేర్పేవాళ్ళ కాళ్ళు కనపడే చోట నిలబడు. అడుగు మరీ పట్టేసే బూట్లు వేసుకోకు, తిరిగేటప్పుడు మోకాలు మెలిక పడుతుంది.

ఫారంలో రిహార్సల్‌కి రాలేని తేదీలు అడుగుతారు, ఉన్నవన్నీ రాసెయ్. వేషం ఇచ్చాక బయటపెడితే అందరి షెడ్యూలూ తారుమారవుతుంది. గడ్డం తీయడానికి ఒప్పుకుంటారా అని కూడా అడగొచ్చు. కోరస్‌లో చేస్తారా అన్న చోట నిజంగా చేస్తేనే అవును అని రాయి. నన్నడిగితే మొదటి నాటకానికి కోరస్ మంచిది, పక్కన పదిమంది గొంతులు ఉంటే నీ గొంతు మళ్ళీ దారిలో పడుతుంది.

కాల్‌బ్యాక్, అంటే మళ్ళీ ఒకసారి చూస్తాం రమ్మని పిలుపు, రాకపోతే కుంగిపోవద్దు. నీ భార్య వేషం వేసే ఆవిడ ఎత్తు, కూతురి పోలికలు, ఎన్ని బారిటోన్ గొంతులు (మగవాళ్ళలో మధ్యస్థాయివి) కావాలి, ఇలాంటివెన్నో లెక్కలు ఉంటాయి, వాటిలో నీ చేతిలో ఉన్నది తక్కువ. స్టేజి వెనక పని ఏమైనా ఉందా అని అడుగు. తర్వాతి నాటకం ఎంపికలప్పుడు నువ్వు వాళ్ళకి తెలిసిన మనిషివై ఉంటావు.

పాట ఏదనుకుంటున్నావో రాయి. పొద్దుటిదీ సాయంత్రానిదీ రెండు రికార్డింగులూ పంపు, శ్రుతి సరిపోయిందో లేదో విని చెప్తాను.

మీ అక్కయ్య